దొంగ దోచాడు సరే, ఖబర్ ఎందుకు దాచారు?

అమానత్ అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ఊరెళ్తూ పక్కింటామె తన గొలుసు తెచ్చి మన అమ్మీ చేతిలో పెడుతుంది. ఆ గొలుసు అమ్మీది కాదు. మెడలో వేసుకోదు, తాకట్టు పెట్టదు, బీరువా తాళం ఎవరికీ ఇవ్వదు. ఇంత హిఫాజత్ చేసినా ఒక రాత్రి దొంగలు పడ్డారనుకోండి. తప్పు అమ్మీది కాకపోవచ్చు. కానీ తెల్లారగానే ఆమె చేయాల్సిన మొదటి పని, ఆ పక్కింటామెకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పడం. చెప్పకుండా నెల రోజులు ముఖం చాటేస్తే దొంగతనం పక్కన ఖయానత్ కూడా వచ్చి కూర్చుంటుంది. దొంగతనం దొంగ ఖాతాలో పడుతుంది. ఖయానత్ మాత్రం మన ఖాతాలోనే.

ఇప్పుడు మన గొలుసులు కంపెనీల బీరువాల్లో ఉన్నాయి. ఆధార్, పాన్, పాస్‌పోర్టు కాపీలు, పిల్లల పుట్టిన తేదీలు, ఇంటి ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, అబ్బాకి షుగర్ ఎంతుందో, ఆపాకి ఏ ఆపరేషన్ జరిగిందో, అన్నీ బ్యాంకు దగ్గరో, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరో, గల్ఫ్ వీసా చేయించే ఏజెంటు దగ్గరో ఉన్నాయి. వాటిని మనం అమ్మలేదు. పని కోసం నమ్మి ఇచ్చాం. అంటే అవి అమానత్. మరి ఆ బీరువా పగిలిన రోజున మనకు ఎవరు చెబుతున్నారు? ఎప్పుడు చెబుతున్నారు?

మన పక్క రాష్ట్రం కేసే చూడండి. చెన్నై కేంద్రంగా నడిచే స్టార్ హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో మీకు తెలుసు. కంపెనీ చెప్పిన ప్రకారం, తమ డేటా తన దగ్గర ఉందంటూ ఒక అజ్ఞాత వ్యక్తి 2024 ఆగస్టు 13న వాళ్లను సంప్రదించాడు. మర్నాడు, ఆగస్టు 14న, కొన్ని క్లెయిముల డేటా బయటికి పోయిందన్న ఆరోపణను పరిశీలిస్తున్నామని కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలియజేసింది. సెప్టెంబర్ 20న రాయిటర్స్ వార్తాసంస్థ అసలు సంగతి బయటపెట్టింది. జెన్‌జెన్ అనే పేరుతో ఒక హ్యాకర్ టెలిగ్రామ్‌లో చాట్‌బాట్లు పెట్టాడు. ఎవరైనా అడిగితే చాలు, అవి జనం పాలసీ కాగితాలు, క్లెయిమ్ కాగితాలు ఇచ్చేస్తున్నాయి. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, గుర్తింపు కార్డుల కాపీలు, పరీక్షల రిపోర్టులు, జబ్బుల వివరాలు, అన్నీ. మొత్తం 3 కోట్ల పైచిలుకు కస్టమర్ల డేటా తన దగ్గర ఉందని హ్యాకర్ చెప్పుకున్నాడు. తమ కాగితాలు బయట తిరుగుతున్న సంగతి కంపెనీ తమకు చెప్పలేదని కొందరు పాలసీదారులు రాయిటర్స్‌కి చెప్పారు. అప్పటిదాకా 'పెద్ద ఎత్తున ఏమీ పోలేదు, సున్నితమైన డేటా భద్రంగా ఉంది' అన్న కంపెనీ, అక్టోబర్‌లో తమపై గురిపెట్టి సైబర్ దాడి జరిగిందని ఒప్పుకుంది.

కంపెనీ పోలీసుల దగ్గరికి వెళ్లలేదని, కోర్టుకు వెళ్లలేదని నేను అనడం లేదు. తమిళనాడు సైబర్ పోలీసులకు చెప్పింది, సెర్ట్-ఇన్‌కి చెప్పింది, మద్రాస్ హైకోర్టులో టెలిగ్రామ్ మీద, హ్యాకర్ మీద కేసు వేసింది. నా సవాల్ ఒక్కటే. పోలీసులకు తెలిసింది, సర్కారుకు తెలిసింది, షేర్ మార్కెట్‌కి మర్నాడే తెలిసింది. ఎవరి కడుపు మీద కోత రిపోర్టు అందులో ఉందో ఆ మనిషికి వార్తాసంస్థ ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. వరుసలో ముందు ఉండాల్సిన మనిషి చివర నిలబడ్డాడు.

'తెలిస్తే మాత్రం ఏం చేస్తాం భాయ్, పోయింది పోయిందేగా' అంటారు కొందరు. ఆ మాటకు మా ఇంట్లోనే జవాబు ఉంది. మా ఖాలాకి రెండేళ్ల కింద రాజమండ్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. ఇన్సూరెన్స్ వేరే కంపెనీది, పేరు ఇక్కడ అనవసరం. కొన్నాళ్లకు ఒక ఫోన్ వచ్చింది. మాట్లాడినవాడు చక్కటి తెలుగులో, 'అమ్మా, ఆరోగ్యం ఎలా ఉంది' అని మొదలుపెట్టాడు. పాలసీ నంబరు వాడే చదివాడు. ఆపరేషన్ తేదీ, హాస్పిటల్ పేరు, క్లెయిమ్ ఎంత మంజూరైందో కూడా వాడే చెప్పాడు. ఇంకా కొంత సొమ్ము మీకు రావాలమ్మా, ఓటీపీ చెప్పండి అన్నాడు. ఖాలా చెప్పింది. 38 వేలు పోయాయి. మేం బ్యాంకుకు వెళ్తే, 'ఓటీపీ మీరే చెప్పారు కదా' అన్నారు. నాలుగు నెలల తర్వాత ఆమె కొడుకు ఈమెయిల్‌కి కంపెనీ నుంచి ఇంగ్లీషులో రెండు లైన్లు వచ్చాయి: కొంత సమాచారం బయటివాళ్ల చేతికి పోయి ఉండొచ్చని.

ఆ రెండు లైన్లు నాలుగు నెలల ముందు, తెలుగులో, ఖాలా ఫోన్‌కే వచ్చి ఉంటే? 'మీ క్లెయిమ్ వివరాలు దొంగల చేతిలో పడ్డాయి, వాటిని చెప్పి ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి' అని ఒక్క మాట అందితే ఆమె ఆ ఫోన్ పెట్టేసేది. హ్యాకర్ దగ్గర ఉన్న డేటాకు విలువ ఎక్కడిది? అవతలి మనిషికి సంగతి తెలియకపోవడంలోనే ఉంది. కంపెనీ ఖామోష్‌గా ఉన్న ప్రతి రోజూ దొంగకు ఒక రోజు కూలి గిట్టుతుంది. ఇంకొక నుక్సాన్ కూడా ఉంది. మా ఖాలా ఇప్పటికీ 'నా అఖల్ గడ్డి తిన్నది' అని తననే తిట్టుకుంటుంది. కొడుకులు కూడా ఆమెనే కోప్పడ్డారు. షరమ్ పడాల్సింది బీరువా తలుపు తెరిచి ఉంచినవాళ్లు, ఆ షరమ్ మోస్తున్నది 62 ఏళ్ల ఆడమనిషి.

హ్యాకర్ అంటే చీకటి గదిలో ఒంటరిగా కూర్చున్న తెలివైన కుర్రాడు అని సినిమాలు మనకు నేర్పాయి. అది పాత బొమ్మ. ఇప్పుడు పెద్ద ముఠాలు కంపెనీల్లాగే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు వేరు, లోపలికి చొరబడేవాళ్లు వేరు, బేరం ఆడేవాళ్లు వేరు, వచ్చిన సొమ్ములో ఎవరి వాటా వాళ్లకు. ముందు డేటా ఎత్తుకుపోతారు, తర్వాత కంప్యూటర్లకు తాళం వేస్తారు. తాళం తీయడానికి ఒక డబ్బు, డేటా బయటపెట్టకుండా ఉండటానికి ఇంకో డబ్బు. అంటే వాళ్లు అమ్మే సరుకుల్లో ఒకటి ఖామోషీ. కొనేది ఆ కంపెనీ.

ఆ సరుకు నఖిలీదని కూడా తేలిపోయింది. లాక్‌బిట్ అనే ముఠా సర్వర్లను 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ, మరికొన్ని దేశాల పోలీసులు కలిసి స్వాధీనం చేసుకున్నారు. లోపల చూస్తే, డబ్బు కట్టిన బాధితుల డేటా కూడా అక్కడే ఉంది. డబ్బు తీసుకున్నారు, డేటా మాత్రం చెరపలేదు. చోర్ జబాన్ మీద భరోసా పెట్టుకుని కస్టమర్లకు చెప్పకుండా ఉన్నవాళ్ల హిసాబ్ ఇదీ. ఇంకా విచిత్రం 2023 నవంబర్‌లో జరిగింది. బ్లాక్‌క్యాట్ అనే ముఠా మెరీడియన్‌లింక్ అనే అమెరికా కంపెనీ డేటా దొంగిలించింది. కంపెనీ బేరానికి రాలేదు. దాంతో ఆ దొంగలే వెళ్లి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు పెట్టారు, 'మేం దొంగతనం చేసినా ఈ కంపెనీ పైకి చెప్పలేదు' అని! నవ్వు వస్తుంది కదా. కానీ ఆలోచించండి. మనం దాచిన ప్రతి మాటా దొంగ చేతిలో ఇంకో కత్తి అవుతుంది. ముందే చెప్పేసినవాడిని ఆ కత్తితో బెదిరించలేరు.

తాళాల సంగతి కూడా మాట్లాడాలి. చెప్పడం ఒక జిమ్మేదారీ అయితే, కాపాడటం అంతకంటే ముందున్న జిమ్మేదారీ. హైదరాబాద్‌లో మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 జనవరిలో ఒక వారాంతంలో బ్యాంకు సర్వర్‌లోకి దూరి 12 కోట్లకు పైగా సొమ్ము లాగేశారు. అది వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడినుంచి వందల ఖాతాల్లోకి వెళ్లి, దేశమంతా వందల ఏటీఎంల నుంచి బయటికి వచ్చింది. మొదలు ఎక్కడో తెలుసా? అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన నకిలీ ఈమెయిళ్ల దగ్గర. కొందరు వాటిని తెరిచారు, హ్యాకర్ లోపలికి వచ్చి కూర్చున్నాడు. సైబర్ భద్రతకు కావాల్సిన ఏర్పాట్లు బ్యాంకు సరిగ్గా చేయలేదని హైదరాబాద్ పోలీసుల దర్యాప్తులో తేలింది. 2023లో రిజర్వ్ బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. ఒకపక్క గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న వాచ్‌మన్, ఇంకోపక్క ఎవరు తట్టినా తెరుచుకునే కంప్యూటర్. చాలా సంస్థల్లో ఇదే హాల్.

కానీ ఇన్సాఫ్‌గా మాట్లాడదాం. ఎంత మంచి తాళం వేసినా ఏదో ఒక రోజు పగలొచ్చు. పెద్ద పెద్ద కంపెనీలకే తప్పలేదు. అందుకే నేను పగిలిందా లేదా అన్నదానితో సంస్థను కొలవను. పగిలాక మొదటి రోజు ఏం చేసిందో చూస్తాను. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ మీద 2020 అక్టోబర్ 22న సైబర్ దాడి జరిగింది. రష్యా కోవిడ్ టీకా స్పుత్నిక్ ప్రయోగాలకు అనుమతి దొరికిన కొద్ది రోజులకే. కంపెనీ ఆ రోజే స్టాక్ ఎక్స్ఛేంజీకి రాసింది, దాడి గుర్తించాం, డేటా సెంటర్లన్నీ విడదీశాం అని. వారం తిరక్కుండా అది రాన్సమ్‌వేర్ అని కూడా చెప్పింది. ఆ రోజు షేరు పడింది. ఏమైంది? కంపెనీ మునిగిపోలేదు. ఇప్పుడు ఉబర్ చూడండి. 2016లో 5 కోట్లకు పైగా మనుషుల డేటా పోతే హ్యాకర్లకు లక్ష డాలర్లు కట్టి, ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి 2018లో 14 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టి అమెరికా రాష్ట్రాలతో రాజీ పడింది. ఆనాటి సెక్యూరిటీ అధిపతిని 2022లో కోర్టు దోషిగా తేల్చింది. అతనికి ఆ గతి పట్టింది డేటా పోయినందుకు కాదు, దాచినందుకు.

'ముందే చెబితే జనం గాబరా పడతారు, దర్యాప్తు చెడిపోతుంది, ఇతర హ్యాకర్లకు దారి తెలుస్తుంది' అని కంపెనీల వకీళ్లు అంటారు. ధవళేశ్వరంలో ఉండేవాడిగా ఈ మాట నాకు మింగుడు పడదు. మా ఊళ్లో కాటన్ బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. పైన భద్రాచలంలో నీళ్లు పెరిగినప్పుడే ఇక్కడ, కింద కోనసీమ లంకల్లో అందరికీ తెలిసిపోతుంది. లంకల్లో వాళ్లు గేదెల్ని గట్టెక్కిస్తారు, బియ్యం మూటలు పైకి ఎక్కిస్తారు, కడుపుతో ఉన్నవాళ్లను ముందే ఒడ్డుకు చేరుస్తారు. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటి పాతిక లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కూడా అంతే. గాబరా పడతారని ఏ ఇంజనీరూ అంకె దాచలేదు. వరద తెచ్చింది ఇంజనీరు కాదు, కాబట్టి చెప్పడానికి ఆయనకు షరమ్ లేదు. అలాగని ఏ గేటు మోటారు ఎక్కడ బలహీనంగా ఉందో మైకులో చెప్పరు. చెప్పేది మూడే మాటలు: నీళ్లు ఇంత వచ్చాయి, మీ దాకా వస్తాయి, మీరు ఇలా చేయండి. కంపెనీ కూడా అంతే చెప్పాలి. లోపలి తాళం ఎలా పగిలిందో తర్వాత చెప్పొచ్చు. ఏం పోయింది, ఎవరిది పోయింది, ఇప్పుడేం చేయాలి అన్నది మాత్రం ఆ పూటే చెప్పాలి. పూర్తి లెక్క తేలేదాకా ఆగుతాం అంటే, వరద తగ్గాక హెచ్చరిక ఇచ్చినట్టు.

ఇక కానూన్ ఏమంటోంది? సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తనకు చెప్పాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. మంచిదే. కానీ ఆ కబురు పోయేది సర్కారుకు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మొదటిసారి సాఫ్‌గా చెప్పింది: డేటా బోర్డుకూ చెప్పాలి, డేటా పోయిన ప్రతి మనిషికీ చెప్పాలి. చెప్పకపోతే 200 కోట్ల దాకా జరిమానా. 2025 నవంబర్‌లో వచ్చిన నియమాల ప్రకారం, ఏం జరిగింది, దానివల్ల మనకు ఏం ముప్పు, మనం ఏం జాగ్రత్త పడాలి అన్నది ఆలస్యం లేకుండా సులువైన మాటల్లో చెప్పాలి. అయితే ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఇందులో నాకు రెండు శికాయత్‌లు ఉన్నాయి. మొదటిది, ఆ జరిమానా సొమ్ము సర్కారు ఖజానాకే పోతుంది. పాత ఐటీ చట్టంలో బాధితుడికి పరిహారం అడిగే దారి ఇచ్చిన 43ఏ సెక్షన్‌ను ఈ కొత్త చట్టం తీసేస్తోంది. మా ఖాలా 38 వేల సంగతి ఎవరూ అడగరన్నమాట. రెండోది భాష. మన సమ్మతి అడిగేటప్పుడు 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం అంటోంది. డేటా పోయినప్పుడు కూడా అదే నియమం ఉండాలి. సంతకం తెలుగులో, ఉర్దూలో అడిగి, చావు కబురు ఇంగ్లీషులో పంపడం ఇన్సాఫ్ కాదు.

తెలుగువాళ్లంతా రోజూ వాడే హక్కు, కబురు అనే మాటలు రెండూ మన హఖ్, ఖబర్ నుంచి వచ్చినవే. ఆ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చదివితే చాలు, నేను అడిగేదంతా అందులోనే ఉంది. కబురు అందుకోవడం మన హక్కు.

సర్కారు కూడా దీనికి అతీతం కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అక్కడ హ్యాకర్ లేడు, తాళం పగలగొట్టిన పనీ లేదు. తలుపే లేదు. అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వని ముక్క ఇంకోటుంది. అందులో కులం, మజ్‌హబ్ వివరాలు కూడా ఉన్నాయి, వాటిని బట్టి జనాన్ని వెతికి వేరుచేసుకునే వీలుంది. ఏ ఊళ్లో ఏ మతంవాళ్ల ఇళ్లు ఎన్ని, అవి ఎక్కడ అన్న ఫెహ్రిస్త్ ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో మన కుటుంబాలకు విడమర్చి చెప్పక్కర్లేదు. దళితుడికీ ఇదే భయం, క్రైస్తవుడికీ ఇదే భయం. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. పేరునీ, బస్తీనీ, మజ్‌హబ్‌నీ మార్చుకోలేం. వార్త వచ్చాక ఆ వివరాలు సైట్ నుంచి తీసేశారు. తీసేయడం సరే, తీసేసినంత మాత్రాన చెప్పినట్టు కాదు.

వేలు బయటివాళ్ల వైపు చూపిస్తే సరిపోదు, మన ఇంటి గడప కూడా చూసుకోవాలి. రంజాన్ వస్తే రేషన్ కిట్ల కోసం, జకాత్ కోసం మన బస్తీల్లో లిస్టులు తయారవుతాయి. బేవాల ఆధార్ కార్డులు, వాళ్ల ఫోన్ నంబర్లు, కొన్నిచోట్ల ఫొటోలు కూడా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ట్యూషన్ సెంటరు దగ్గర ఆడపిల్లల ఫోన్ నంబర్లు, ట్రావెల్ ఏజెంటు డెస్క్ మీద వందల పాస్‌పోర్టు జిరాక్సులు. వీటికి ఏ తాళం ఉంది? గరీబ్‌కి ఐదు కిలోల బియ్యం ఇచ్చి, అతని ఇజ్జత్‌ని రెండు వందల ఫోన్లలో పంచితే ఆ హిసాబ్ ఎలా కుదురుతుంది? లిస్టు ఒక్కరి దగ్గర ఉండాలి. పని అయ్యాక చెరిపేయాలి. ఆ ఫోన్ పోయినా, లిస్టు పొరపాటున ఇంకెవరికో వెళ్లినా, లిస్టులో ఉన్న ప్రతి ఇంటికీ ఆ సాయంత్రమే మనిషిని పంపి చెప్పాలి. కంపెనీని అడగబోయే మాట మన మీద కూడా నిలబడాలి కదా.

కాబట్టి ఈ వారం మీ ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చినప్పుడు, బ్యాంకుకు వెళ్లినప్పుడు, వీసా ఆఫీసులో కాగితాలు ఇచ్చేటప్పుడు ఒక్క సవాల్ అడగండి: 'మా వివరాలు పోతే మాకు ఎన్ని రోజుల్లో, ఏ భాషలో, ఏ నంబరుకు చెబుతారు?' జవాబు ఉండదు, తెల్లముఖం వేస్తారు. ఫర్వాలేదు. పదిమంది అడిగితే ఆ సవాల్ పైకి పోతుంది. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు ఎందుకు ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో దాని మీద అడ్డంగా రాయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. తొలి గంటల్లో చేస్తే సొమ్ము ఆపే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఖాలాలు, నానీలు మోసపోతే వాళ్లను తిట్టకండి. ఆ ఫోన్ చేసినవాడికి మీ నానీ పాలసీ నంబరు ఎక్కడ దొరికిందో అడగండి. ఆ జవాబు నానీ ఇవ్వలేదు. ఇవ్వగలిగినవాళ్లు ఏసీ గదుల్లో ఖామోష్‌గా కూర్చున్నారు. వాళ్ల తలుపు తట్టండి.